తల్లిదండ్రులే నడుపుకునే పిల్లల ఫుట్‌బాల్ లీగ్‌లో చేర్చేముందు ఏం చూసుకోవాలి?

అమ్మా, మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: మీ బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి ఆరు. నెల్లూరులో మీ ఇంటికి దగ్గర్లో కొందరు తల్లిదండ్రులు, పాత ఆటగాళ్లు కలిసి ఆదివారం పొద్దున పిల్లలకు ఫుట్‌బాల్ లీగ్ నడుపుతున్నారు. వాళ్లలో ఎవరికీ జీతం లేదు. అకాడమీల ఫీజుతో పోలిస్తే వీళ్లు అడిగేది చాలా తక్కువ. అంత తక్కువకి నడిపేవాళ్లను నమ్మవచ్చా, బాబుని చేర్చేముందు ఏం చూసుకోవాలి, పాపని కూడా పంపవచ్చా అని అడిగారు. నేను పీఈటీగా పనిచేసి రిటైర్ అయ్యాను. నెల్లూరులోనూ కావలిలోనూ ఇలాంటి లీగులు మొదలవడం, నిలబడడం, కొన్ని మధ్యలో ఆగిపోవడం దగ్గరుండి చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

చేర్చవచ్చు. అయితే ఫారం నింపకముందు ఒక ఆదివారం ఎవరికీ చెప్పకుండా వెళ్లి గ్రౌండ్ పక్కన గంటసేపు నిలబడండి. బాగా ఆడే పిల్లల మీద దృష్టి పెట్టకండి. అందరికంటే వెనకబడినవాణ్ణి ఒకణ్ణి ఎంచుకోండి. షూ లేసు ఊడిపోయినా చూసుకోనివాడు, బంతి వస్తే జరిగిపోయేవాడు ప్రతి జట్టులోనూ ఒకడు ఉంటాడు. వాణ్ణి ఎంతసేపు ఆడించారు? వాడు బంతి పోగొట్టుకున్నప్పుడు కోచ్ ఏమన్నాడు? సగం మ్యాచ్ అయ్యాక కూడా వాడు బయటే కూర్చుని గడ్డి పీకుతుంటే, అక్కడ ఎన్ని కప్పులు గెలిచారని చెప్పినా మీ బాబుని పంపకండి. వాడికీ ఆట దొరుకుతోందంటే మిగతా లోటుపాట్లు సర్దుకోవచ్చు.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు. జీతాలు లేకుండా తల్లిదండ్రులతో నడిచే పిల్లల ఫుట్‌బాల్‌కి అమెరికాలో పెద్ద పేరున్న సంస్థ ఏవైఎస్ఓ (అమెరికన్ యూత్ సాకర్ ఆర్గనైజేషన్). 1964లో కాలిఫోర్నియాలో మొదలైంది. ప్రతి పిల్లవాడూ ప్రతి మ్యాచ్‌లో కనీసం సగం సమయం ఆడాలన్నది వాళ్ల నియమం. మన దగ్గర అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2018లో గోల్డెన్ బేబీ లీగ్స్ పేరుతో చిన్నపిల్లల లీగులు మొదలుపెట్టినప్పుడు కూడా గెలుపుకంటే అందరూ ఆడడానికే పెద్దపీట వేసింది. మీరు చేరబోయే లీగ్‌లో ఇలాంటి నియమం ఉందా, ఉంటే రాసి పెట్టారా అని అడగండి. నోటిమాటగా ఉన్న నియమం సెమీఫైనల్ రోజు పొద్దున గాలికి పోతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇలాంటి లీగ్‌లో కోచ్ వారమంతా బ్యాంకులో పనిచేసే మనిషి. రెఫరీ ఇంటర్ చదివే కుర్రాడు. డబ్బు లెక్క చూసేది మందుల షాపాయన. మా వీధి వినాయక చవితి పందిరిలాగే చందా అందరూ ఇస్తారు, గుంజలు పాతడానికి మాత్రం ఎప్పుడూ ఆ నలుగురే వస్తారు. ఆ నలుగురూ అలసిపోయిన ఏడాది లీగ్ ఆగిపోతుంది. నేను చూసినంతలో ఆగిపోయిన లీగులు డబ్బు లేక ఆగిపోయినవి తక్కువ, పని పంచుకునేవాళ్లు లేక ఆగిపోయినవే ఎక్కువ.

కాబట్టి ఫీజు కట్టేశాం, బాబుని దించి వెళ్లిపోదాం అనుకుంటే ఈ లీగ్ మీకు సరిపడదు. దానికి అకాడమీలు ఉన్నాయి, అందులో తప్పేమీ లేదు. ఇక్కడ మాత్రం నెలకి ఒక ఆదివారమైనా మీరో మీవారో ఏదో ఒక పని చేతిలోకి తీసుకోవాలి. ఫుట్‌బాల్ తెలియాల్సిన పని లేదు. హాజరు రాయడం, నీళ్ల క్యాన్ చూసుకోవడం, ఫస్ట్‌ఎయిడ్ పెట్టె దగ్గర కూర్చోవడం, ఆట అయ్యాక ఏ పిల్లవాడు ఎవరితో వెళ్లాడో చూడడం. ఈ చివరి పని చాలామందికి చిన్నదనిపిస్తుంది. నా మటుకు నాకు లీగ్ మొత్తంలో అదే పెద్ద పని. శనివారం రాత్రి పదింటికి గ్రూపులో "రేపు మ్యాచ్ ఉందా సార్?" అని అడిగేముందు పైన పెట్టిన మెసేజ్ ఒకసారి చదవడం కూడా సాయమే. ఆ మెసేజ్ పెట్టిన మనిషి పొద్దున ఐదింటికే లేవాలి.

ఆ ఐదింటికి లేచి ఏం చేస్తారో మీరు ఒకసారైనా చూడాలి. మన గ్రౌండ్‌లలో పల్లేరు కాయలు ఉంటాయి. ఎంత మంచి షూ వేసుకున్నా పడ్డప్పుడు అరచేతుల్లో, మోకాళ్లలో దిగుతాయి. రాత్రి ఎవరో కూర్చుని వెళ్లిన చోట సీసా పెంకులు ఉంటాయి. మేము ఆట మొదలయ్యేముందు పెద్దవాళ్లందరినీ ఒక గోల్ లైను మీద చేయి చాచినంత ఎడంగా నిలబెట్టి, వంగి నేల చూసుకుంటూ అవతలి గోల్ దాకా నడిపించేవాళ్లం. చేతిలో తలా ఒక కవరు. వానలు వెలిసి గడ్డి మొలిచిన జనవరిలో కవర్లు నిండిపోయేవి. ఆ వరసలో ఒక్కసారి నడిచిన తండ్రి ఆ తర్వాత "గ్రౌండ్ బాగాలేదు" అని గ్రూపులో రాయడు, చీపురు తెస్తాడు. మీరు చేరబోయే లీగ్‌లో ఈ పని ఎవరు చేస్తున్నారో కనుక్కోండి. ఎవరూ చెయ్యకపోతే మీరే మొదలుపెట్టండి.

అదే సమయంలో గోల్‌పోస్ట్‌ను చేత్తో ఊపి చూడండి. నేలలో పాతినవైతే పర్వాలేదు. ఇనుప పైపులతో చేసి మోసుకొచ్చే పోస్టులైతే వెనక ఇసుక బస్తాలు వేసి కదలకుండా చెయ్యాలి. పిల్లలు పైన అడ్డకడ్డీ పట్టుకుని వేలాడతారు. అలా పోస్టు వాళ్ల మీదకి ఒరిగిపడి పిల్లలు చనిపోయిన సంఘటనలు చాలా దేశాల్లో జరిగాయి. బస్తాలు లేకపోతే ఆ పోస్టులు తీసేసి రెండు కోన్లు పెట్టి ఆడించమనండి, ఆట ఏమీ పాడవదు.

ఎండ, వాన సంగతి. మనకి ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2015 నవంబరు, 2021 నవంబరు వరదలు మనం ఎవరం మర్చిపోలేం. ఆ నెలల్లో లీగ్ షెడ్యూల్ వేస్తే సగం మ్యాచ్‌లు నీళ్లపాలే. సంక్రాంతి అయ్యాక మొదలుపెట్టి మార్చిలో పరీక్షల ముందు ముగించడం మన జిల్లాకి సరిపోయే పద్ధతి. వేసవి సెలవుల్లో ఆడిస్తామంటే పొద్దున ఆరింటికి మొదలై ఎనిమిదిలోపు అయిపోవాలి. మే నెలలో రోహిణీ కార్తె ఎండల్లో పది గంటలకి ఫైనల్ పెట్టి, వచ్చే ముఖ్య అతిథి కోసం పిల్లల్ని జెర్సీలతో వరసలో నిలబెట్టే అలవాటు కొన్ని చోట్ల ఉంది. అలాంటి రోజున మీ పిల్లల్ని నీడలోకి తీసుకెళ్లడానికి మొహమాటపడకండి.

ప్రతి సగంలోనూ మధ్యలో ఒకసారి ఆట ఆపి అందరితో నీళ్లు తాగించాలి. దాహం వేసినవాళ్లే తాగాలని వదిలేస్తే ఆట మీద ఉన్న పిల్లవాడు తాగడు. ఓఆర్‌ఎస్ ఇస్తే పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో కలపాలి. సగం బాటిల్‌లో ప్యాకెట్ అంతా గుమ్మరించడం మంచిది కాదు. పిల్లవాడు తల తిరుగుతోందన్నా, తలనొప్పి అన్నా, వాంతి చేసుకున్నా ఆట నుంచి తప్పించి నీడకి తేవాలి. పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా వడదెబ్బ కిందే లెక్క. వెంటనే ఒంటి మీద చల్లటి నీళ్లు పోస్తూ, విసురుతూ 108కి ఫోన్ చెయ్యాలి. స్పృహ సరిగా లేని పిల్లవాడి నోట్లో నీళ్లు పోయకూడదు. వేసవిలో ఉరుము వినపడిందా, ఆట ఆపాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్లీ మొదలుపెట్టకూడదు. చెట్ల కిందకి అసలు వెళ్లకూడదు, లోపలికి వెళ్లాలి, లేదా కార్లలో కూర్చోవాలి.

తలకి దెబ్బ తగిలిన రోజు ఇక ఆట లేదు, అంతే. పిల్లవాడు బాగానే ఉన్నానని ఏడ్చినా సరే, డాక్టర్‌కి చూపించి, ఆయన సరేనన్నాకే మళ్లీ ఆట. పిల్లలతో తలతో బంతి కొట్టించడం గురించి కూడా అడగండి. 2015లో అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య పదేళ్లు, అంతకంటే తక్కువ వయసు పిల్లలకి దాన్ని వద్దంది. మీ బాబు వయసుకి హెడ్డింగ్ ప్రాక్టీస్ అవసరమే లేదు. మీ బాబుకి ఆయాసం, మూర్ఛ, గుండె సమస్య, అలర్జీ ఏదైనా ఉంటే ఫారంలో రాయండి, దాచకండి. ఇన్‌హేలర్ వాడుతుంటే అది గ్రౌండ్‌కి రావాలి, ఇంట్లో ఉంటే లాభం లేదు. ఇన్సూరెన్స్ ఉందా అని కూడా అడగండి. చిన్న లీగులకి చాలావరకు ఉండదు. లేదని వాళ్లు నిజాయితీగా చెబితే మీ హెల్త్ పాలసీలో పిల్లల పేర్లు ఉన్నాయో లేదో చూసుకోండి.

ఇప్పుడు అడగడానికి చాలామంది ఇబ్బందిపడే సంగతి. జీతం లేకుండా పనిచేసేవాళ్లంతా మంచివాళ్లేనని మనకో నమ్మకం. నూటికి తొంభైమందికి పైగా మంచివాళ్లే. ఆ మంచివాళ్లకి కూడా నియమం ఉండాలి. పిల్లవాడితో ఒక పెద్దమనిషి ఒంటరిగా ఉండకూడదు, గ్రౌండ్ మీదైనా, బండి మీద ఇంటికి దించడానికైనా. ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. కోచ్ పిల్లలకి విడిగా మెసేజ్‌లు పెట్టకూడదు, ఏదైనా తల్లిదండ్రులున్న గ్రూపులోనే. కొట్టడం, చెవి మెలిపెట్టడం, ఎండలో నిలబెట్టడం, "నీ వల్లే ఓడిపోయాం" అని అందరి ముందు అనడం ఉండకూడదు. పిల్లల మీద లైంగిక నేరాలకి 2012 నాటి పోక్సో చట్టం ఉంది. ఆ చట్టం ప్రకారం తెలిసీ ఫిర్యాదు చెయ్యకపోవడం కూడా నేరమే, లీగ్ పరువు పోతుందని కప్పిపెట్టకూడదు. చైల్డ్‌లైన్ నంబరు 1098. ఈ నియమాలు మీ దగ్గర ఉన్నాయా అని అడిగినప్పుడు నిర్వాహకులు నొచ్చుకోకుండా జవాబు చెబితే అది మంచి లీగ్. "మా మీద అనుమానమా?" అని ఎదురు అడిగితే ఆలోచించండి.

డబ్బు సంగతి త్వరగా చెబుతాను. బంతులు, జట్లు తేడా తెలిసే బిబ్‌లు, కోన్లు, గీతలకి సున్నం, నీళ్ల క్యాన్లు, ఫస్ట్‌ఎయిడ్, గ్రౌండ్‌కి ఏదైనా కడితే అది, రెఫరీ కుర్రాళ్లకి పెట్రోలు. ఇంతే ఖర్చు. సీజన్ చివర లెక్క ఒక పేజీ రాసి గ్రూపులో పెడతారా అని అడగండి. పెడతామంటే ఇంకేం అక్కర్లేదు. ఒక్కరి సొంత ఫోన్‌పేకి డబ్బు వెళ్తూ రసీదు కూడా లేకపోతే, ఆయన ఎంత మంచివాడైనా రేపు ఆయనకే మాట వస్తుంది. కప్పులకీ ఫ్లెక్సీలకీ బంతులకంటే ఎక్కువ ఖర్చవుతోందంటే దారి తప్పుతున్నట్టే. గ్రౌండ్ గోడ పక్కన నిలబడి చూసే పిల్లలు ఉంటారు, ఫీజు కట్టలేనివాళ్లు. వాళ్లని కలుపుకుంటున్నారా అని కూడా చూడండి. మేము ఆడించినప్పుడు మా జట్లలో మంచి ఆటగాళ్లు చాలామంది ఆ గోడ పక్క నుంచే వచ్చారు.

మీ బాబు వయసుకి ఆట ఎలా ఉండాలంటే, పదకొండుమంది జట్టు వద్దు. పెద్ద గ్రౌండ్‌లో తొమ్మిదేళ్ల పిల్లలు ఇరవై ఇద్దరు ఆడితే బలంగా ఉన్న ముగ్గురికే బంతి అందుతుంది, మిగతావాళ్లు గుంపుగా పరిగెడతారు. అమెరికా సమాఖ్య 2017 నుంచి ఎనిమిదేళ్లలోపు వాళ్లకి జట్టుకి నలుగురు, పదేళ్లలోపు వాళ్లకి ఏడుగురు, పన్నెండేళ్లలోపు వాళ్లకి తొమ్మిదిమంది అని తప్పనిసరి చేసింది. తక్కువమంది ఉంటే ప్రతివాడి కాలికీ బంతి తగులుతుంది, ఆట అలాగే వస్తుంది. బంతి కూడా నాలుగో నంబరుది కావాలి. పెద్దవాళ్లు ఆడే ఐదో నంబరు బంతి 410 నుంచి 450 గ్రాములు ఉంటుంది. దాన్ని తన్నలేక పిల్లలు బొటనవేలితో పొడవడం అలవాటు చేసుకుంటారు, ఆ తర్వాత మాన్పించడం చాలా కష్టం.

వయసు దగ్గర మన ప్రాంతంలో ఒక చిక్కు ఉంది. బళ్లో చేర్చేటప్పుడు రాయించిన తేదీ ఒకటి, అసలు పుట్టినరోజు ఇంకొకటి. లీగ్‌వాళ్లు జనన ధృవీకరణ పత్రం అడిగితే విసుక్కోకండి. పదకొండేళ్ల పిల్లవాడు తొమ్మిదేళ్ల గ్రూపులో ఆడితే గోల్స్ కొట్టేది వాడే, దెబ్బలు తగిలేది మీవాడికి. కొందరు తండ్రులు పిల్లవాడు మెరవాలని ఒక ఏడాది కింద గ్రూపులో వేయిస్తారు. అలా మెరిసినవాడు పద్నాలుగేళ్లకి తన ఈడువాళ్లు ఎదురైనప్పుడు నిలబడలేక ఆట మానేస్తాడు. నేను చూశాను, బాధనిపిస్తుంది.

గీత బయట మనం ఎలా ఉంటామన్నది కోచ్ ఎలా ఉన్నాడన్నంత ముఖ్యం. ఒక పిల్లవాడు గుర్తున్నాడు. ఎడమ వైపు ఆడేవాడు, చక్కటి కాలు. బంతి అందిన ప్రతిసారీ ఒక క్షణం తల తిప్పి వాళ్ల నాన్న వైపు చూసేవాడు. ఆయన "కొట్టు, కొట్టు, ఏం చూస్తున్నావ్?" అని అరిచేవాడు. కోచ్ "పాస్ ఇవ్వు నాయనా" అనేవాడు. వాడు రెండూ చెయ్యలేక బంతిని బయటికి తన్నేసేవాడు. సగం ఆటయ్యాక నేను ఆయన దగ్గరకి వెళ్లి, "అన్నా, రెండో సగం ఆ వేపచెట్టు దగ్గర నుంచి చూడండి, ఒక్క మాట కూడా వద్దు" అన్నాను. కోపం వచ్చింది గానీ వెళ్లాడు. పిల్లవాడు మొదట రెండుసార్లు నాన్న కోసం వెతుక్కున్నాడు. కనపడలేదు. ఆ తర్వాత తలెత్తి తోటివాళ్లని చూడడం మొదలుపెట్టాడు. గోల్ ఏమీ కొట్టలేదు, కానీ పాస్‌లు ఇచ్చాడు. మీరు వెళ్లినప్పుడు చప్పట్లు కొట్టండి, రెండు జట్లకీ కొట్టండి. ఎటు తన్నాలో చెప్పకండి. రెఫరీ తప్పు చేస్తే చెయ్యనివ్వండి, వాడూ ఎవరో ఒకరి బిడ్డే, పదిహేడేళ్లవాడు. పెద్దవాళ్లు మీద పడి అరిస్తే వచ్చే ఆదివారం రాడు, ఇంకొకణ్ణి తయారుచెయ్యడానికి ఏడాది పడుతుంది. ఇంటికి వెళ్లేటప్పుడు బండి మీద మ్యాచ్ విశ్లేషణ వద్దు. ఆకలేస్తోందా అని అడిగితే చాలు. కారం దోసె ఆట అయ్యాక పెట్టించండి. ఆటకి ముందైతే గంటన్నర ముందు రెండు ఇడ్లీలో ఒక అరటిపండో చాలు.

చదువు గురించి మీరు అడగలేదు గానీ మీ మనసులో ఉండే ఉంటుంది. మన ఊళ్లో ఆదివారం కూడా పరీక్షలు పెట్టే బళ్లు ఉన్నాయి. లీగ్‌లో చేరేముందే బడి క్యాలెండర్ తీసుకెళ్లి ఏ ఆదివారాలు రాలేరో చెప్పండి. చెప్పి మానేస్తే కోచ్ సర్దుకుంటాడు, చెప్పకుండా మానేస్తే ఆరుగురే వచ్చిన జట్టు ఆ రోజు ఆడలేకపోతుంది. ఐదో తరగతి పిల్లవాడికి వారానికి రెండు గంటల ఆట వల్ల ర్యాంకు పోదు, ఆ టెన్షన్ పెట్టుకోకండి.

ఒక్క ఆశ మాత్రం పెట్టుకోకండి. ఈ లీగ్ ఇచ్చే సర్టిఫికెట్ స్పోర్ట్స్ కోటాకి పనికిరాదు. దానికి గుర్తింపు ఉన్న పోటీలు కావాలి. స్కూల్ గేమ్స్‌లో అండర్ 14, అండర్ 17, అండర్ 19 విభాగాలు ఉంటాయి, వాటికి బడి ద్వారా వెళ్లాలి. మీ బాబుకి ఆట మీద నిజంగా మక్కువ ఉంటే పన్నెండు, పదమూడేళ్ల వయసులో ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం వైపు తీసుకెళ్లి అక్కడి కోచ్‌లతో మాట్లాడండి, ఇప్పుడే తొందర లేదు.

కొనాల్సినవి తక్కువే. మన గట్టి నేలకి అడుగున పొడుగు స్టడ్స్ (గట్టి బొడిపెలు) ఉన్న షూ వద్దు, మడమలు నొప్పిపెడతాయి. అడుగున చిన్న చిన్న రబ్బరు బొడిపెలు ఉన్న టర్ఫ్ షూ మంచిది. పెరిగే కాలు కదా అని రెండు సైజులు పెద్దవి కొనకండి. మోకాలి కింద ఎముకకి దెబ్బ తగలకుండా కట్టుకునే షిన్‌గార్డ్‌లు తప్పనిసరి, ఆట నియమాల్లో నాలుగోది అదే చెబుతుంది. వాటిని కప్పేంత పొడుగు సాక్సులు, పేరు రాసిన నీళ్ల సీసా. జెర్సీ లీగ్‌వాళ్లు ఇస్తారు.

పాప విషయం. ఆరేళ్ల పాప అబ్బాయిలతో కలిసి ఆడడంలో ఏ ఇబ్బందీ లేదు, ఆ వయసులో ఒంటి బలంలో పెద్ద తేడా ఉండదు. అసలు ఇబ్బంది వేరే ఉంది. మన గ్రౌండ్‌లలో ఆడపిల్లలు వాడుకోగలిగే టాయిలెట్ ఉండదు, ఉన్నా తాళం వేసి ఉంటుంది. ఆ తాళంచెవి ఆదివారం ఎవరి దగ్గర ఉంటుందో ముందే కనుక్కోండి. నిర్వాహకుల్లో ఒక్క ఆడమనిషైనా ప్రతి ఆదివారం గ్రౌండ్ మీద ఉంటారా అని అడగండి. లేకపోతే మీరే ఆ మనిషి అవ్వండి. మీరు హాజరు పుస్తకం పట్టుకుని అక్కడ కూర్చున్నారని తెలిస్తే మీ వీధిలో ఇంకో నలుగురు తల్లులు ఆడపిల్లల్ని పంపుతారు. నలుగురు చేరితే ఆ వయసుకి ఒక జట్టు సరిపోతుంది.